చిత్తుప్రతిని చదివేదెవరు?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న కుటుంబాలు మన నగరాల్లో ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. వీళ్లలో చాలామంది లెక్కలకూ సైన్సుకూ పెద్దగా జంకరు. పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి, చేసిన లెక్క తప్పో ఒప్పో చివరి పేజీ తిప్పితే తెలిసిపోతుంది. బెంగంతా భాష దగ్గరే. అమ్మాయికి పద్నాలుగో ఏడు వచ్చింది, ఇంకో ఏడాదికో రెండేళ్లకో పదో తరగతి పరీక్ష రాయాలి. సాహిత్యం ఏం చదివించాలి, రాయడం ఎలా నేర్పాలి, ఏ కరికులం కొనాలి అని ఒక్క గుక్కలో అడిగేస్తారు.

అడుగుతూ ఒక జాబితా కూడా పట్టుకొస్తారు. ఒకరిది అమెరికా నుంచి తెప్పించుకోవాలనుకుంటున్న ప్యాకేజీ. ఒకరిది ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌ల వరస. ఇంకొకరిది తాతగారు ప్రేమగా రాసిచ్చిన పట్టిక, అది వేయిపడగలతో మొదలవుతుంది. ఈ జాబితాలన్నీ ఏం చదవాలో చెబుతాయి. నేను వాటిని పక్కన పెట్టి ఒకటే అడుగుతాను. మీ అమ్మాయి ఇవాళ ఒక పేజీ రాసిందనుకోండి. రేపు ఆ పేజీ ఏమవుతుంది? ఎవరు చదువుతారు? చదివి ఏమంటారు? ఆ మాట విన్నాక పిల్ల దాన్ని మళ్లీ రాస్తుందా? దీనికి జవాబు చెప్పగలిగిన కరికులం పైసా ఖర్చు లేనిదైనా పనికొస్తుంది. జవాబు లేనిదానికి వేలు పోసినా మీ చేతికొచ్చేది పుస్తకాల పట్టికే.

బడిలో మనం రాసిన వ్యాసాలు ఒకసారి గుర్తుచేసుకోండి. గ్రంథాలయాల వల్ల ఉపయోగాలు, నాకు నచ్చిన పండుగ, విజ్ఞానశాస్త్రం వరమా శాపమా. రాశాం, మాస్టారు ఎర్రసిరాతో వత్తులూ దీర్ఘాలూ దిద్ది, పదికి ఆరు వేసి, పుస్తకం తిరిగిచ్చారు. అక్కడితో ఆ వ్యాసం పని అయిపోయింది. యాభైమంది ఉన్న తరగతిలో పాపం ఆయన మాత్రం ఏం చేయగలరు? ఇంట్లో ఉన్నది ఒక్క పిల్ల. ఇంటిచదువుకున్న అసలు సౌకర్యం అదే. దాన్ని వదులుకుని ఇంట్లో కూడా పదికి ఆరు వేసి ఊరుకునేటట్టయితే, బడి మాన్పించి సాధించిందేమిటో నాకు అర్థం కాదు.

తిరగరాయడం చేతకానివాళ్లు చేసే పని అని పిల్లలకు ఒక అపోహ ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి మన భాషలోనే మంచి సాక్ష్యం ఉంది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. నాటకానికి పేరొచ్చింది. ఇంకొకరైతే అక్కడ ఆగేవారు. ఆయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, పెంచి, మలిచి, 1909లో రెండో కూర్పుగా తెచ్చారు. మనం ఇవాళ కన్యాశుల్కం అని చదువుతున్నది ఆ రెండోదే. మొదటిది మరుగున పడిపోతే 1969లో పరిశోధకుడు బంగోరె దాన్ని వెతికి 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో మళ్లీ అచ్చు వేయించారు. ఈ రెండూ సంపాదించి, తొలి రంగం ఒక్కటి పక్కపక్కన పెట్టి చదివించండి. ఏ మాట పోయింది, ఏ మాట వచ్చింది, ఎవరి నోట్లో యాస చిక్కబడింది? ఒక్క మధ్యాహ్నం ఈ పని చేసిన పిల్లకి రచన గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. కన్యాశుల్కంలో వేశ్య పాత్ర ఉంది కదా, ఈ వయసుకి ఫర్వాలేదా అని కొందరు తల్లులు వెనకాడతారు. పదిహేనేళ్ల పిల్లలు ఫోన్లో చూస్తున్నవాటితో పోలిస్తే మధురవాణి పెద్దమనిషి. కలిసి చదవండి, అంతే.

అన్నట్టు, తెలుగు సాహిత్యంలో అందరికన్నా పేరున్న ట్యూషన్ మాస్టారు ఈ కన్యాశుల్కంలోని గిరీశమే. వెంకటేశానికి చదువు చెబుతానని ఏకంగా వాళ్లింట్లోనే మకాం పెట్టాడు. చదువు మాత్రం సాగలేదు. ఆన్‌లైన్లో రచన నేర్పిస్తామనే కోర్సుల ప్రకటనలు చూసినప్పుడల్లా ఎందుకో నాకు గిరీశమే గుర్తొస్తాడు.

తిరగరాయడం గురించి రెండో సాక్ష్యం మీ అమ్మాయి ఈడు పిల్లే. ఆన్ ఫ్రాంక్. ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకు దొరక్కుండా కుటుంబంతో దాక్కుని, బడి లేక, అక్కడే చదువుకుంటూ డైరీ రాసుకున్న అమ్మాయి. 1944 మార్చి 28 రాత్రి ఆ ఇంట్లో రేడియో పెట్టుకుని వింటున్నారు. లండన్ నుంచి మాట్లాడుతున్న నెదర్లాండ్స్ ప్రవాస ప్రభుత్వపు మంత్రి, యుద్ధం ముగిశాక సామాన్యులు రాసుకున్న డైరీలనూ ఉత్తరాలనూ సేకరించాలన్నాడు. అప్పటికి ఆన్‌కి పద్నాలుగేళ్లు. ఆ మేలోనే తన డైరీని మొదటినుంచి విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని రోజుల రాతలు తీసేసింది, కొన్ని పెంచింది, కొన్ని కలిపేసింది, మనుషులకు మారుపేర్లు పెట్టింది. ఆగస్టు 4న పట్టుబడేదాకా ఆ పని సాగుతూనే ఉంది. ఆమె చేతిరాతలో రెండు ప్రతులూ చాలావరకు మిగిలాయి. ఈ పుస్తకాన్ని చాలా ఇళ్లలో యుద్ధకాలపు విషాదగాథగానే చదివిస్తారు. అది నిజమే. కానీ తన రాత మరొకరు చదువుతారని తెలిసిన క్షణంలో ఒక పిల్ల రచయిత్రి అయిన వైనం కూడా అందులో ఉంది. రాసేవాళ్లకు చదివేవాళ్లు కావాలి. పిల్లలకు మరీ కావాలి.

ఇప్పుడు చట్టం, పరీక్ష సంగతి కొంచెం. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసుకి వర్తిస్తుంది. 14 నిండినవాళ్లు జాతీయ సార్వత్రిక పాఠశాలలో, అంటే ఎన్‌ఐఓఎస్‌లో, పదో తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. మన రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లూ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో అయిదు సబ్జెక్టులుంటే చాలు, భాషల్లో తెలుగు కూడా తీసుకోవచ్చు. అయిదేళ్ల వ్యవధిలో 9 సార్లు పరీక్ష రాసే వీలుంది. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులున్నాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పరీక్షకు తయారుకావడానికి నాలుగైదు నెలల పట్టుదల సరిపోతుంది. కాబట్టి ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల కాలమంతా పరీక్ష భయంతో ప్రతిపదార్థాలూ ముఖ్యమైన ప్రశ్నలూ బట్టీ పట్టించనక్కర్లేదు. ఆ రెండేళ్లూ మీవి.

ఆ రెండేళ్లలో ఏం చదివించాలి? తక్కువ చదివించండి. నెలకొక పుస్తకం, పూర్తిగా. పాఠ్యపుస్తకాల్లోలా నవలలోంచి నాలుగు పేజీలు కత్తిరించి పెట్టిన ముక్కలు వద్దు. తెలుగులో ఈ ఈడుకి సరిపడే చిన్న పుస్తకాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉన్నాయి. డాక్టర్ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' తీసుకోండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలో గడిపే రాత్రి. చిన్న నవల, బోధనలు లేవు, చేతిలో పట్టుకుంటే వదలదు. రాసినాయన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. చాసో కథలు తీసుకోండి. 'వాయులీనం'లో జబ్బు పడిన భార్య వైద్యం కోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్మేస్తాడు. పట్టుమని పది పేజీలుండవు, కానీ ఇంటిల్లిపాదీ గంటసేపు పోట్లాడుకోవచ్చు, ఆయన చేసింది సబబా అని. నామిని 'మిట్టూరోడి కథలు' చిత్తూరు మాటలో ఉంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నిజాం కాలపు తెలంగాణ పల్లెను చూపిస్తుంది. ఇవి రెండూ చదివిన పిల్లకి, తన ఇంట్లో నాయనమ్మ మాట్లాడే తెలుగు కూడా రాతకెక్కే తెలుగేనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' అయితే సుందరం అనే కుర్రవాడి చదువు కథే. బడి మీద అనుమానం వచ్చి ఇంట్లో కూర్చున్న పిల్లకి అంతకన్నా సొంతమైన నవల ఏముంటుంది? కాకపోతే అది పెద్దది. రెండో ఏడాదికి ఉంచండి.

ఇంగ్లీషు వైపు నాకు పెద్దగా చింత లేదు. పిల్లలు దాన్ని తమంతట తామే చదువుతారు. 1935లో అచ్చయిన ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్', రస్కిన్ బాండ్ కుర్రతనంలోనే రాసిన 'ద రూమ్ ఆన్ ద రూఫ్', ఆర్వెల్ 'యానిమల్ ఫామ్'. వీటితో మొదలుపెడితే చాలు. అమెరికా ప్యాకేజీల గురించి ఒక్క మాట చెప్పాలి. అక్కడ ఇంటిచదువు 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం, కాబట్టి దాని చుట్టూ పెద్ద వ్యాపారం పెరిగింది. కొన్ని ప్యాకేజీలు నిజంగా శ్రద్ధగా తయారుచేసినవే. అయితే వాటిలో చాలావాటికి వెనక క్రైస్తవ కుటుంబాల అవసరాలున్నాయి, అమెరికా చరిత్ర క్రమంలో పుస్తకాలు పేర్చి ఉంటాయి. అది వాళ్లకు సహజం. మీరు డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండి పిల్లల్ని అక్కడి కాలేజీలకు పంపే తెలుగువాళ్లయితే ఆ క్రమం మీకూ పనికొస్తుంది. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లు ఆ డబ్బుతో ఒక బీరువాకు సరిపడా తెలుగు పుస్తకాలు కొనుక్కోవచ్చు.

ఆ ప్యాకేజీల్లోంచి డబ్బివ్వకుండా తీసుకోదగ్గది మాత్రం ఒకటుంది. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఉపాధ్యాయురాలు వందేళ్ల కిందట నేర్పిన పద్ధతి. పిల్ల ఒక అధ్యాయం ఒక్కసారి చదువుతుంది. పుస్తకం మూసేస్తుంది. చదివింది తన మాటల్లో చెబుతుంది. మధ్యలో మనం అడ్డు రాకూడదు, ప్రశ్నలు వేయకూడదు. చెప్పడం బాగా అలవాటయ్యాక, చెప్పినట్టే రాయమంటారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూడండి. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ పాత్రల మాటలు యథాతథంగా పెట్టాలి అన్నవన్నీ పిల్లే తేల్చుకోవాలి. వ్యాసం రాయడంలో ఉన్న కష్టమంతా ఇదే కదా. ఇంకో లాభం కూడా ఉంది. ఈ రోజుల్లో ఏ వ్యాసమైనా కంప్యూటర్ని అడిగితే రాసి పెడుతుంది, తప్పుల్లేకుండా. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాల్సి వస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇంకొంచెం పెద్ద పిల్లలకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన పని ఇవ్వవచ్చు. పదేళ్లకే బడి మానేసి, అన్నగారి అచ్చాఫీసులో పనికి చేరిన కుర్రవాడు. స్పెక్టేటర్ అనే లండన్ పత్రిక సంపుటం చేతికి దొరికింది. అందులోని వ్యాసం చదివి, ఒక్కొక్క వాక్యానికీ చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్లు పక్కన పడేసేవాడు. తర్వాత ఆ గుర్తుల్ని చూసి వ్యాసమంతా తన మాటల్లో తిరిగి కట్టేవాడు. అప్పుడు అసలు దానితో పోల్చుకుని తన తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి గుర్తుల్ని కలగాపులగం చేసి, మళ్లీ ఏ వరసలో పేర్చాలో ఆలోచించేవాడు. ఈ సంగతి ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. తెలుగులో దీనికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కన్నా మంచి పుస్తకం నాకు తోచదు. అందులోంచి ఒక పేరా తీసుకుని పిల్ల చేత ఇలా కట్టించండి. అసలు పేరా తిరిగి తెరిచినప్పుడు, అదే సంగతిని శాస్త్రిగారు ఎంత తక్కువ మాటల్లో ఎంత చురుగ్గా తేల్చేశారో చూసి మీ అమ్మాయికి ఉక్రోషం వస్తుంది. రావాలి.

ఇక తెలుగు దగ్గర ఒక చిక్కు ఉంది, దాచి లాభం లేదు. పిల్లలు గలగలా మాట్లాడతారు. చదవమంటే అక్షరాలు కూడబలుక్కుంటారు. రాయమంటే ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. పద్నాలుగేళ్ల బుర్రకి ఆరేళ్ల చదివే వేగం. ఆ వేగంతో నవల చదవమంటే విసుగు పుడుతుంది, ఆ విసుగుని మనం తెలుగంటే అయిష్టం అనుకుంటాం. ఇలాంటి పిల్లకి చదవడం అప్పగించి మీరు వంటింట్లోకి వెళ్లిపోవద్దు. మీరొక పేజీ, తనొక పేజీ, పైకి చదవండి. నాటకమైతే పాత్రలు పంచుకోండి. కన్యాశుల్కంలో రామప్పంతులు మాటలు నాన్నగారికిస్తే ఇల్లు హోరెత్తిపోతుంది. కొన్నాళ్లకి మీ పేజీలు తగ్గించి తనవి పెంచండి. పద్యాలైతే అసలు చెవితోనే మొదలుపెట్టాలి. పోతనగారి పద్యం గొంతెత్తి చదివించుకోకుండా తాత్పర్యం రాయించడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

రాయించే పని పదిహేను రోజుల చక్రంగా పెట్టుకోండి. మొదటి వారం చదవడం, చెప్పడం. వారాంతంలో చిత్తుప్రతి. ఏం రాయాలో మీరు ఇచ్చే విషయంలోనే సగం విజయం ఉంది. 'వాయులీనం కథ సారాంశం రాయుము' అన్నారా, గైడులో ఉన్నట్టే వస్తుంది. ఆ వాయులీనాన్ని కొనుక్కున్నవాడు ఇంటికి వెళ్లి తన భార్యతో ఏమని ఉంటాడో రాయమనండి. లేదా, భర్తని సమర్థిస్తూ నువ్వే ఒక పేజీ వాదించు, తర్వాత నీ వాదాన్ని నువ్వే ఖండించు అనండి. మూడోసారి ఇంట్లో జరిగినదేదైనా. అమ్మమ్మ దేన్ని అమ్ముకోవాల్సి వచ్చింది, ఎందుకు? వెళ్లి అడిగి రావాలి, ఆవిడ మాటల్లోనే రాయాలి. పరీక్షలో వచ్చే లేఖలూ వ్యాసాలూ ఈ పిల్లకి తర్వాత కష్టం కావు.

చిత్తుప్రతి చేతికి రాగానే ఎర్రపెన్ను అందుకోకండి. మొదటి చదువులో వత్తులూ దీర్ఘాలూ ముట్టుకోవద్దు. అది తల్లిదండ్రులకు, ముఖ్యంగా తెలుగు బాగా వచ్చిన తల్లిదండ్రులకు, చాలా కష్టం. చదువరిగా రెండు సంగతులు మాత్రం చెప్పండి. ఎక్కడ మీకు బొమ్మ కట్టినట్టు కనిపించిందో ఒకటి. ఎక్కడ అర్థం కాక ఆగిపోయారో రెండోది. 'ఇక్కడ ఆయన దుకాణంలోంచి ఎప్పుడు బయటికొచ్చాడమ్మా, నాకు తెలియలేదు' అంటే చాలు. ఎలా దిద్దాలో మీరు చెప్పకూడదు. రెండు మూడు రోజులు ఆ కాగితం మూలన పడి ఉండనివ్వండి. రెండో ప్రతి రాశాక అప్పుడు వాక్యాలు చూడండి. వత్తులూ, విరామ చిహ్నాలూ ఫెయిర్ కాపీ ముందు. ప్రతులన్నీ తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టండి. ఏడాది చివర మార్కుల పట్టిక లేదని బంధువులు అడిగితే చూపించడానికి ఆ ఫైలే ఉంటుంది.

అమ్మానాన్నలు ఈ చదువరి పని చేయలేని ఇళ్లూ ఉన్నాయి. పద్నాలుగేళ్ల పిల్లకి అమ్మ ఏమన్నా తప్పుపట్టినట్టే వినిపిస్తుంది, అది ఆ వయసు ధర్మం. తెలుగు చదవడం రాని నాన్నలూ తక్కువేం కాదు. అప్పుడు బయటి మనిషిని వెతకండి. రిటైరైన తెలుగు టీచరుగారు, ఊళ్లో ఉన్న మేనత్త, పత్రికలో పనిచేసే పక్కింటాయన, ఎవరైనా సరే. పదిహేను రోజులకొకసారి రెండు పేజీలు చదివి ఒక ఉత్తరం రాస్తే చాలు. ఇలా ఇంట్లో ఒక మనిషి అండతో చదువుకుని రచయిత్రి అయినవారు మనకు కొత్త కాదు. భండారు అచ్చమాంబ బడి మెట్లు ఎక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకున్నారు. 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 నాటిది. తెలుగులో తొలి కథ ఏదన్న వాదన పండితులు తేల్చుకుంటారు. ఇంటిచదువు పిల్లకి ముందు అచ్చమాంబ కథ చదివించి, తర్వాత గురజాడ కథ చదివించండి. రెండింటిలోనూ భార్య భర్తను దారిలో పెడుతుంది. ఎవరు ఎలా పెట్టించారో పోల్చి రాయమనండి. మొదటి పదిహేను రోజుల పని అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

ఏ కరికులమైనా మూడు నెలలు నడిపి, ఫైలు తెరిచి చూడండి. మొదటి చిత్తుప్రతికీ ఫెయిర్ కాపీకీ మధ్య తేడా ఏమిటి? వత్తులు మాత్రమే మారి ఉంటే మీరు దిద్దుతున్నారు, పిల్ల రాయడం లేదు. పేరాలు అటూ ఇటూ కదిలి, మొదట ఉన్న ఒక వాక్యం మాయమై, కొత్తది వచ్చి ఉంటే సాగనివ్వండి. మార్చాల్సి వస్తే పుస్తకాలు మార్చకండి, ముందు చదువరిని మార్చండి. పరీక్షకు నాలుగైదు నెలల ముందు మాత్రం ఇవన్నీ కాస్త ఆపి, పాత ప్రశ్నపత్రాలు తీసి, గడియారం ముందు పెట్టుకుని రాయించండి. అసైన్‌మెంట్ల గడువు తేదీ మర్చిపోయే బాధ్యత నాన్నగారికి అప్పగించకండి.